గేటు చూడని చెయ్యి

మొదటి రోజు

నా పేరు మైలపల్లి అసిరమ్మ. సముద్రాన్ని ఆపే కట్టలోపల ఆరో వీధి. మూడో తరగతి దాకా చదివేను. ఈ పుస్తకం కట్ట ఆఫీసువాళ్ళు ఇచ్చేరు. ఇంట్లో మనిషి పోతే ముప్పై రోజులు గడువుంటుంది. చెప్పుకోవలసింది ఉంటే ఇందులో రాయాలి. ముప్పయ్యో రోజున ఫైలు మూసేస్తారు.

"ఏమీ రాయక్కర్లేదమ్మా, ఖాళీగా తెచ్చిచ్చెయ్యి. అందరూ అలాగే ఇస్తారు" అన్నాడు గుమాస్తా. నేను ఖాళీగా ఇవ్వను.

నా కూతురు లోవ. పంతొమ్మిదేళ్ళు. పోయిన మంగళవారం కట్ట బయట, నాలుగో గేటు ముందర, పోటునీళ్ళలో పోయింది. మీ ఫైల్లో ఏం రాసేరో గుమాస్తా చదివి వినిపించేడు. "బిళ్ళ దాపుడు" అని ఉంది. అంటే చేతికున్న బిళ్ళ గేటుకి కనబడకుండా దాచుకుని మా గుంట దొంగతనంగా బయటికెళ్ళిందని అర్థం. దాపుడు అని రాసేస్తే పనిలో పోయినట్టు కాదు. పనిలో పోయినవాళ్ళ పేర్లు కట్టరాళ్ళమీద చెక్కుతారు. దాని పేరు చెక్కరు.

మా లోవ దొంగ కాదు. నేను చెప్పుకోవలసింది ఇదే. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఇదే రాస్తాను.

మూడో రోజు

ఇవాళ నాచు ఏరడానికి వెళ్ళేను. అప్పుడే పనికొచ్చేసేవేటి అని అడిగేరు. ఇంట్లో కూర్చుంటే గోడకి దాని లంగా వేలాడుతూ కనబడుతుంది. షెడ్డులో అయితే నాచే కనబడుతుంది. ఎర్రది ఒకపక్కకి, పచ్చది ఒకపక్కకి, గుల్లలు పట్టినది గోతిలోకి. ఊళ్ళో పొయ్యిలన్నీ ఈ నాచు గ్యాసుతోనే వెలుగుతాయి. మోకాళ్ళు పోకముందు ఇరవయ్యేళ్ళు నేనూ బయటికెళ్ళి కోసినదాన్నే.

బంగారి వచ్చి పక్కన కూర్చుంది. లోవ తాగే నీళ్ళు మోసిన జట్టుకి పెద్ద ఈవిడే. నన్ను వదినా అంటుంది. ఆ మంగళవారం ఏం జరిగిందో చెప్పమన్నాను.

"పోటు తగ్గి పాటు రాగానే ఎప్పట్లాగే ఎల్లేం వదినా. తిరిగొచ్చేటప్పుడు, బిందె మూత దిబ్బకాడ మర్చిపోనాను, తెచ్చీస్తానని ఎనక్కెళ్ళింది. ఎల్లడం సూసేను. రావడం సూడలేదు."

"మరి దాన్ని వదిలీసి ఎలా వచ్చేరే?"

"రోజూ అదే కదా అందరికన్నా ముందరొచ్చేది. ఖాళీ బిందెట్టుకుని పరుగెట్టీసేది. ముందరే ఎల్లిపోయుంటాదనుకున్నాం. పచ్చదీపం కూడా ఎలిగింది. దీపం ఎలిగితే అందరూ లోపలున్నట్టే కదా."

గేటు సంగతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. బయటికెళ్ళేటప్పుడు గుమ్మానికి కుడిపక్క స్తంభంమీద రెండు పెట్టెలున్నాయి. లోపలివైపుది బయటికెళ్ళేవాళ్ళ బిళ్ళలు చదువుతుంది, బయటివైపుది వచ్చేవాళ్ళవి. బిళ్ళ అందరికీ ఎడంచేతి మణికట్టుకే ఉంటుంది, రివిట్టు కొట్టి. వెళ్ళేకొద్దీ బోర్డుమీద అంకె పెరుగుతుంది, వచ్చేకొద్దీ తగ్గుతుంది. సున్నా అయి ఐదు నిమిషాలైతే పచ్చదీపం వెలిగి గేటు దానంతటదే మూసుకుంటుంది. ఆ మంగళవారం వెళ్ళినవాళ్ళు ఇరవై. గేటు చదివింది పంతొమ్మిది.

"తలకాయలు లెక్కెట్టుకోడానికి కూడా దీపం కావాలటే?" అన్నాను బంగారిని.

అది ఏడిచింది. ఏడవనీ అనుకున్నాను.

ఐదో రోజు

ఆఫీసుకి వెళ్ళేను. ఫైలు చూసే మేడం పేరు సుభాషిణి. మర్యాదగానే మాట్లాడింది. కుర్చీ వేయించింది. సొరుగులోంచి లోవ బిళ్ళ తీసింది. దాని చేతినుంచి కత్తిరించినది. పట్టీకి ఇంకా ఇసక ఉంది.

"చూడండమ్మా, బిళ్ళ పాడైతే మీ అమ్మాయి తప్పు లేదని నేనే రాసేదాన్ని" అని, బల్లకి ఆ చివరున్న పెట్టెకెదురుగా బిళ్ళని పట్టుకుంది. టింగ్‌మంది. వెనక్కి జరిగి గోడ దగ్గర నుంచి పట్టుకుంది. టింగ్. తెరమీద లోవ పేరు పడింది. రెండుసార్లు.

"ఇంత బాగా పలుకుతున్న బిళ్ళ గేటు దగ్గర పలకలేదంటే దాచిందనే కదా?"

లేచి వచ్చేసేను. నా కూతురు నీళ్ళలో పోయి ఇన్ని రోజులైనా దాని బిళ్ళ ఇంకా పలుకుతోంది. అది పలకడమే దానిమీద సాక్ష్యం అయింది.

ఎనిమిదో రోజు

ఇవాళ కుళాయికాడ తెలిసింది.

మా వీధి కుళాయికి చేతి బిళ్ళ చూపిస్తే మనిషికి రెండు బిందెల నీళ్ళిస్తుంది. బంగారి మొదటి బిందె నింపి నెత్తినెట్టుకుని, దాన్ని పట్టుకున్న ఎడంచేత్తోనే రెండోదానికి మణికట్టు చూపిస్తోంది. కుళాయి ఉలకదు, పలకదు. వెనకాల లైన్లో కేకలు.

"ఒసే, బిందె దించి సూపించవే! నీ మొగమేటి సినిమాదా, కుళాయి గుర్తట్టడానికి?"

"దించకపోతే సాయంత్రం దాకా అలాగే నిలబడు, నీకేటి, నెత్తి రాయి."

బంగారి నవ్వుతూ బిందె దించి చెయ్యి చూపించింది. నీళ్ళొచ్చేయి. రోజూ జరిగేదే. కుళాయికాడ బిందె దించి చూపించాలని మా వీధిలో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

నెత్తిన నిండు బిందె ఉంటే కుళాయికి బిళ్ళ కనబడదు, మరి గేటుకి కనబడుతుందా?

జట్టులో అందరికన్నా చిన్నది తాగే నీళ్ళు మోస్తుంది. ఇరవైమందికి ఒక బిందె. నీళ్ళు వెనకాల నడవాలి, ముందు నడిస్తే జట్టు దాహంతో తిరుగుతుందని మావాళ్ళ నమ్మకం. అందుకని నీళ్ళమ్మాయి గేటు దాటేది ఆఖర్న. నిండు బిందె నెత్తిమీద, ఎడంచెయ్యి బిందెకి ఆనించి. కుడిచెయ్యి బురద పొడిచి చూసుకునే కర్రకి. వచ్చేటప్పుడు బిందె ఖాళీ, అందుకే అందరికన్నా ముందర వచ్చేస్తుంది.

ఎడంచేత్తోనే ఎందుకు పట్టుకుంది? నేను నేర్పేను కాబట్టి. "కుడిచెయ్యి కర్రకి ఒదిలెయ్యి, ఎడంచేత్తో అదిమి పట్టుకో, మణికట్టు బిందెకి ఆనాలి, అప్పుడు తొణకదు." వాకిట్లో పది దినాలు నడిపించేను. తొణికితే తిట్టేను. చక్కగా నేర్చుకుంది.

పదో రోజు

నిన్న రాయలేకపోయేను.

పదకొండో రోజు

నాలుగో గేటుకాడ డిల్లేశ్వర్రావు పని. బోర్డు చూడడం, ఆఫీసుకి ఫోను చెయ్యడం వాడి డ్యూటీ. మా పెదనాన్న మనవడి వరస, నన్ను పిన్నీ అంటాడు. పాటు వేళ గేటు తెరిచున్నప్పుడు వెళ్ళి, నేను నడుస్తాను, నువ్వు బోర్డు చూసి చెప్పు అన్నాను.

"రూల్సు ఒప్పుకోవు పిన్నీ."

"ముసలిదాయి గాలి పీల్చుకోడానికి బయటికి లోపలికీ తిరుగుతోందని రాసుకో. దానికి రూల్సున్నాయేటి?"

లేవు.

నా బిళ్ళతోనే నడిచేను. అడుగులు వాడు లెక్కపెట్టేడు. నేను ఇంటికొచ్చి రాసుకున్నాను.

చెయ్యి చాచి, బిళ్ళ పెట్టెకి ఎదరగా: ఏడడుగుల నుంచే పలికింది.
చెయ్యి మామూలుగా వేలాడేసి: నాలుగు.
చెయ్యి పైకెత్తి, బిళ్ళ అంచు మాత్రం పెట్టెవైపు తిప్పి: ఒకటిన్నర.
ఖాళీ బిందె నెత్తిన: మూడు.
నిండు బిందె నెత్తిన, మణికట్టు బిందెకి ఆనించి: లేదు. మళ్ళీ నడిచేను. లేదు. స్తంభాన్ని రాసుకుంటూ నడిచేను. లేదు.

నిండు బిందెతో మూడుసార్లు నడిచేను. మూడుసార్లూ బోర్డు లెక్కలో నేను లేను. కట్ట బయట బురదలో నిలబడి, నెత్తిన బిందెతో, గేటు దృష్టిలో నేను ఇంట్లో ఉన్నాను.

డిల్లేసు చెప్పేడు: "పెట్టె సూపు టార్చిలైటు లాంటిది పిన్నీ. ఎదరగా నిలబడితే దూరంనుంచే కనబడతావు, పక్కకి జరిగితే సీకటే. ఆ వెలుగుని నీళ్ళు తాగీస్తాయి. నీ సెయ్యి ఎడంపక్క, పెట్టె కుడిపక్క, మద్దిన నిండు బిందె. ఇంకేటి కనబడతాది? ఇదివరకు ఎడం స్తంభానికీ పెట్టె ఉండేది. ఏడో గేటుది పాడైతే ఇక్కడిది ఊడదీసి అక్కడ బిగించేరు."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

"ఆఫీసుకి తెలుసా?"

"ఊడదీసింది ఆల్లే కదా."

పద్నాలుగో రోజు

డిల్లేసు చేత గేటు చిట్టా తీయించేను. వాడు భయపడుతూనే తీసేడు. ఆ మంగళవారానికి ముందర లోవ నీళ్ళు మోసిన నలభై ఒక్క దినాలూ చూసేం. వచ్చింది, వచ్చింది, వచ్చింది. వెళ్ళినట్టు ఒక్కనాడూ లేదు. వెళ్ళని పిల్ల రోజూ ఎలా వస్తోందని ఆ గేటు ఒక్కసారి కూడా అడగలేదు. బోర్డుమీద లేనిదాన్ని తీసెయ్యక్కర్లేదు, అంతే.

మేడంకి చూపించేను. "చూశారా, రోజూ దాచేదన్నమాట" అంది.

"వెళ్ళేటప్పుడు దాచినమ్మాయి వచ్చేటప్పుడు ఎందుకు చూపించిందండీ? దొంగ ఎక్కడన్నా దొరికిపోడానికి చెయ్యి చూపిస్తుందా?"

నేను రెండో కాగితం పెట్టేను. లోవకి ముందర ఏడాదిన్నర నీళ్ళు మోసింది బంగారి చెల్లెలు. దానిదీ అంతే, వచ్చిందే గానీ వెళ్ళింది లేదు. "ఇదీ దొంగేనా? అయితే నాలుగో గేటుకాడ బిందె ముట్టుకున్నదల్లా దొంగేనా?"

మేడం కాగితాలు ఉంచమంది. ఇరవై రెండో రోజున గేటుకాడికి వచ్చి తనే చూస్తానంది.

పదిహేడో రోజు

డిల్లేసు ఇంటికొచ్చేడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిన్నీ, ఆ దినం చప్పుడు వినబడింది."

నేను కూర ముక్కలు కోస్తున్నాను. కత్తి ఆపేను.

"గేటుకి అవతల్నుంచి. ధబ్ ధబ్ మని. బోర్డు సున్నా. అలలకి దుంగలు కొట్టుకొచ్చి తగుల్తన్నాయి అనుకున్నాను. పోటు వేళ సున్నా ఉండగా ఫోను చేసి గేటు తెరిపిస్తే ఉద్యోగం పోతాది. కాసేపటికి చప్పుడు ఆగిపోనాది."

నేనేదన్నా అంటానని వాడు అనుకుంటున్నాడు. తిడితే వాడికి హాయిగా ఉంటుంది. క్షమించేనంటే ఇంకా హాయిగా ఉంటుంది.

"ఇదే మాట మేడం ముందర చెప్తావా?"

"సెప్తాను."

"అయితే ఇప్పుడెళ్ళు. అప్పుడు మాట్లాడదాం."

ఇరవై రెండో రోజు

మేడం వచ్చింది. నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి, పోటుకి ఇంకా మూడు గంటలుంది. జట్టు ఆడవాళ్ళందరూ పనికెళ్ళకుండా లోపలే నిలబడ్డారు. ఆవిడ లోవ బిళ్ళని రెండువేళ్ళతో ఎత్తిపట్టుకుని గేటు దాటింది. టింగ్. వెనక్కి వచ్చింది. టింగ్. బోర్డు సున్నా అయింది.

"పనిచేస్తోంది కదమ్మా."

"దాన్ని మీరు కాగితంలాగ పట్టుకున్నారు. మా గుంట కాగితాలు మొయ్యలేదు మేడం. బిందె ఎత్తుకోండి. మీ బిళ్ళతోనే నడవండి."

వద్దనలేదావిడ. లోవ బిళ్ళ నా చేతిలో పెట్టింది. బంగారి గుడ్డతో చుట్టకుదురు చేసి ఆవిడ నెత్తిమీద పెట్టింది. నిండు బిందె ఇద్దరు పట్టి ఎత్తేరు.

"నడుం వంచకండి. ఎడంచెయ్యి ఆనించండి. ఇంకా గట్టిగా. సంబంధానికొచ్చినోళ్ళు సూస్తన్నట్టు నడవండి" అంది బంగారి. ఆడవాళ్ళు నవ్వేరు. మేడం కూడా నవ్వింది. నీళ్ళు తొణికి భుజాలు తడిసిపోయేయి. పదడుగులు బయటికెళ్ళి బిందె దింపుకుంది.

బోర్డు సున్నా.

"సరిగ్గా చూడండి, నేను బయట ఉన్నాను" అంది బయట్నుంచి.

"బోర్డు లోపలున్నారంటోంది మేడం" అన్నాను.

గేటు తెరిచున్నా బోర్డుమీద సున్నా ఉంటే ఐదు నిమిషాలకి అది మూసుకుంటుంది. డిల్లేసుకి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం. పచ్చదీపం వెలిగింది. గేటు కదిలింది. ఆవిడ "ఏయ్, ఆపండి" అంటూ వచ్చేలోగా మూసుకుంది.

మొదట పిలిచే ఉంటుంది. ఆ ఇనప తలుపులోంచి మాట వినబడదు. తర్వాత గుద్దింది.

వినబడుతోంది. ఒక్కో గుద్దూ వినబడుతోంది. డిల్లేసు తల దించుకున్నాడు.

"ఇది దుంగ చప్పుడా డిల్లేసూ?"

"కాదు పిన్నీ. మనిషి."

బంగారి నావైపు చూస్తోంది. పాటు వేళ లోపల్నుంచి ఎవరు చెయ్యి చూపించినా గేటు తెరుచుకుంటుంది. ఏడు గుద్దులు విన్నాను. ఎనిమిదోది పడకముందే తల ఊపేను. బంగారి చెయ్యి చూపించింది.

మేడం లోపలికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

"కావాలనే ఉంచేరు కదూ?"

"అవునండి. ఏడు గుద్దులు. నీళ్ళు లేవు, పట్టపగలు, మేమందరం ఇక్కడే ఉన్నాం. మా లోవ ఎన్ని గుద్దిందో మీ ఫైల్లో రాయలేదు."

డిల్లేసు ముందుకొచ్చి తను విన్నది చెప్పేడు. మొత్తం చెప్పేడు. వాడికి ఆమాత్రం ఇస్తాను. అంతకన్నా ఇవ్వను.

ఇరవై ఆరో రోజు

మేడం కబురు పెట్టింది. పైవాళ్ళతో మాట్లాడిందట. దాపుడు కొట్టేస్తారట. "బిళ్ళ లోపం వల్ల మృతి" అని రాస్తారట. కట్టరాతిమీద పేరు చెక్కుతారు. నేను సంతకం పెడితే చాలు.

"బిళ్ళలో లోపం లేదు. మీ బల్లమీద రెండుసార్లు పలికింది. గేటుకాడా పలికింది."

"అమ్మా, మీక్కావలసింది పేరే కదా? పేరు వస్తుంది. గేటు లోపం అని రాస్తే రెండేళ్ళ కిందట పెట్టె ఊడదీసినవాళ్ళందరూ బయటికొస్తారు. పైవాళ్ళు ఒప్పుకోరు. నాలుగు రోజుల్లో ఫైలు మూసేస్తారు, మూస్తే దాపుడే ఉండిపోతుంది. ఆలోచించండి."

ఆలోచించేను. ఇంటికొచ్చి రాత్రంతా కాదు, అన్నం ఉడికేంతసేపు ఆలోచించేను. బిళ్ళ తప్పని రాస్తే కొత్త బిళ్ళలిస్తారు. గేటు అలాగే ఉంటుంది. రేపు ఇంకో గుంట నిండు బిందె ఎత్తుకుని ఆఖర్న నడుస్తుంది. నా కూతురి పేరు రాతిమీద ఉంటుంది, దాని కింద ఇంకో పేరు పడుతుంది. ఆ పేరు చెక్కడానికి చోటు నేనిచ్చినట్టవుతుంది.

సంతకం పెట్టనని కబురంపేను.

ఇరవై ఎనిమిదో రోజు

రెండో పెట్టె బిగించేదాకా ఎవరూ నాచుకి వెళ్ళకుండా నేనొక్కదాన్నే గేటు గుమ్మంలో కూర్చుందామని వెళ్ళేను. వెళ్ళేసరికి బంగారి, జట్టు మొత్తం కూర్చుని ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చేరు.

"నిన్న నుంచీ ఉన్నాం. నువ్వే ఆలీసెం" అంది బంగారి.

మూడు పాట్లు పోయేయి. నాచు కొయ్యలేదు. మధ్యాహ్నానికి ఊళ్ళో పొయ్యిలు సన్నగా మండుతున్నాయని తెలిసింది. మా వీధివాళ్ళే వచ్చి తిట్టేరు. పిల్లలకి అన్నం ఎలా వండాలని ఒకావిడ అడిగింది. నిజమే. ఆవిడకి చెప్పేను: "నీ పిల్ల పెద్దదయితే నీళ్ళ బిందె మొయ్యదా?" ఆవిడ వెళ్ళిపోయింది. సాయంత్రం చల్దన్నం తెచ్చి మా అందరికీ పెట్టింది.

కూర్చున్నచోటే ఈ పుస్తకంలో నా వంతు రాసేను. ఇదీ:

"ఎడంచేత్తో బిందె పట్టుకోమని, మణికట్టు ఆనించమని లోవకి నేర్పింది తల్లి అసిరమ్మ."

దాని కింద లైను ఖాళీ ఉంచేను. అది ఆఫీసువాళ్ళది.

ముప్పయ్యో రోజు

పొద్దున్నే మేడం తనే వచ్చింది, గుమాస్తా లేకుండా. గుమ్మంలో మా మధ్యనే కూర్చుంది. పుస్తకం ఇచ్చేను. నేను రాసిన లైను చదివి తలెత్తింది.

"ఇదెందుకు రాసేరమ్మా? మిమ్మల్నెవరూ అడగలేదే. పైవాళ్ళు దీన్ని పట్టుకుని తప్పంతా మీమీదే తోసేస్తారు."

"నిజం కాబట్టి రాసేను. నేను నేర్పకపోతే దాని చెయ్యి అక్కడ ఉండేది కాదు. నాది నేను రాసుకున్నాను. మీది మీరు రాయండి. నా బరువు నేను మొయ్యగలను మేడం, మీది కూడా నా కూతురు మొయ్యనక్కర్లేదు."

ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. గేటుకవతల నీళ్ళు తగ్గుతున్నాయి. ఎవరూ తొందర పెట్టలేదు. బంగారి ఒకత్తే, "పెన్నులో సిరా ఉందాండీ, నేకపోతే నాది తీసుకోండి" అంది.

మేడం పెన్ను తీసింది. నా లైను కింద రాసింది. రాసేక మా అందరికీ వినబడేలా చదివింది.

"ఎడం స్తంభం పెట్టెను ఆఫీసు తొలగించినందువల్ల, బిందె మోస్తున్న లోవ చేతిని నాలుగో గేటు బహుశా చదవలేకపోయింది. రెండో పెట్టె బిగించేవరకు ఈ గేటు దానంతటది మూసుకోరాదు."

కింద తన పేరు రాసి, ముద్ర వేసి, పుస్తకం నావైపు తిప్పింది. సంతకం చోటుమీద వేలు పెట్టి చూపించింది.

నేను మొదటినుంచీ కూడబలుక్కుని చదివేను. ఒక మాట దగ్గర ఆగేను.

"ఆ 'బహుశా' కొట్టెయ్యండి."

"ఒక్క మాటే కదమ్మా. అది ఉంటే పైవాళ్ళు ఒప్పుకోడం తేలిక."

"కొట్టెయ్యండి."

ఆవిడ నావైపు చూసింది. వెనకాల పంతొమ్మిదిమంది చూస్తున్నారు. కొట్టేసింది. పక్కన పొట్టి సంతకం కూడా పెట్టింది.

అప్పుడు నేను పెట్టేను.